అనుమతి లేని చరిత్ర

మా బాబాయి కువైట్ నుంచి వస్తూ తెచ్చిన వి.సి.ఆర్. ఇంకా మా ఇంట్లో ఉంది. అటక మీద ఓ అట్టపెట్టెడు క్యాసెట్లూ ఉన్నాయి. పోయిన సంక్రాంతి సెలవుల్లో దాన్ని అమలాపురంలో బాగుచేయించి, క్యాసెట్ల దుమ్ము దులుపుతుంటే రామారావు, నాగేశ్వరరావుల సినిమాల మధ్య ఒక ఇంగ్లీషు క్యాసెట్టు దొరికింది. పేరు 'ది కంప్లీట్ బీటిల్స్'. 1982లో అమెరికాలో తయారైన డాక్యుమెంటరీ అది. ముందు ఇళ్లలో చూసుకునే వీడియోగా వచ్చి, తర్వాత 1984లో థియేటర్లకు వెళ్లింది. వరి, కొబ్బరి తప్ప మరో కబురు తెలియని మా చావడిలో లివర్‌పూల్ కుర్రాళ్ల కథ రెండు గంటలసేపు నడిచింది. పాత టేపు కావడంతో అక్కడక్కడ బొమ్మ వణికింది గాని, నేను మాత్రం కదల్లేదు.

హాస్టల్‌కి వచ్చి ఈ సంగతి చెబితే, పాశ్చాత్య సంగీతం బాగా తెలిసిన ఒక మిత్రుడు పెదవి విరిచాడు. "అది అనధికార చిత్రంరా. బీటిల్స్ ఒప్పుకుని తీయించింది కాదు. చూస్తే 'యాంథాలజీ' చూడాలి" అన్నాడు. ఆ మాట నాలో ఉండిపోయింది. అనుమతి లేనిదల్లా అబద్ధమేనా?

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. దొంగ క్యాసెట్టు వేరు, అనధికార చిత్రం వేరు. మొదటిది ఒకరి సొత్తును కాజేసి అమ్ముకోవడం. రెండవది, ఎవరి గురించి చెబుతున్నామో వారి ఆమోదం కోసం ఆగకుండా వారి జీవితాన్ని పరిశీలించి చెప్పడం. పత్రికలవాళ్లూ, చరిత్రకారులూ రోజూ చేసే పనే అది. అలాగని అనధికారమైనదంతా మంచిదనీ అనను. పాటల హక్కులు దొరక్క, పాట ఒక్కటీ లేకుండా ఫొటోలతో, కబుర్లతో గంట నింపి, అట్ట మీద పెద్ద పేరు వేసి అమ్మిన వీడియోలు చాలానే ఉన్నాయి. వాటిని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు.

ఈ చిత్రం ఆ కోవలోది కాదు. ఇందులో పాటలున్నాయి. దర్శకుడు పాట్రిక్ మాంట్‌గొమెరీ. వ్యాఖ్యానం నటుడు మాల్కం మెక్‌డొవెల్. బీటిల్స్ రికార్డులను తయారుచేసిన జార్జి మార్టిన్, 1960లో వాళ్లను హాంబర్గు పంపించిన ఆలన్ విలియమ్స్, లివర్‌పూల్‌లో 'మెర్సీ బీట్' పత్రిక నడిపిన బిల్ హారీ వంటివారు మాట్లాడతారు. ఆ నలుగురిలో లెనన్ 1980 డిసెంబరులోనే హత్యకు గురయ్యాడు; మిగిలిన ముగ్గురూ ఈ చిత్రం కోసం కెమెరా ముందు కూర్చోలేదు. అంటే ఇది పంట చెప్పుకున్న కథ కాదు, నారు పోసి నీరు పెట్టినవాళ్లు చెప్పిన కథ.

1995లో వచ్చిన 'యాంథాలజీ' వాళ్ల సొంత కంపెనీ తీయించింది. వాళ్ల కథ వాళ్ల నోటనే వినడం గొప్ప విషయమే, కాదనను. కాని రెండేళ్లపాటు డ్రమ్స్ వాయించి, 1962 ఆగస్టులో తొలగించబడిన పీట్ బెస్ట్‌ను అందులో ఇంటర్వ్యూ చేయలేదు. సొంత కథ చెప్పుకునేవాడికి ఎవర్ని పిలవాలో, ఎవర్ని మానాలో నిర్ణయించే అధికారం కూడా ఉంటుంది మరి!

ఇంకో ఉదాహరణ చూడండి. 1969 జనవరిలో చిత్రీకరించి, 1970 మేలో విడుదల చేసిన 'లెట్ ఇట్ బి' వాళ్ల సొంత సినిమాయే. 1980ల తొలినాళ్లలో వీడియోగా వచ్చి, ఆ తర్వాత దశాబ్దాలపాటు దొరక్కుండా పోయింది. మళ్లీ అధికారికంగా బయటికి వచ్చింది 2024 మేలోనే. ఈలోగా 2021లో ఆ రోజుల్లో తీసిన ఫిలిం నుంచే పీటర్ జాక్సన్ దాదాపు 8 గంటల 'గెట్ బ్యాక్' కూర్చాడు. మొదటిదాంట్లో విడిపోబోయేవాళ్ల ముభావం కనిపిస్తే, రెండోదాంట్లో నవ్వులూ వేళాకోళాలూ కనిపిస్తాయి. అదే నెల, అదే నలుగురు! సొంతదారు బీరువాకి తాళం వేసుకుంటే మనకు మిగిలేది బయటివాడి సాక్ష్యమే.

ఇదంతా నాకెందుకింత పట్టిందంటే, మా ఇంట్లోనూ ఒక అధికార చరిత్ర ఉంది. ఏటిగట్టు పక్కన మెరక నేలను మా తాతయ్య ఒంటిచేత్తో మాగాణి చేశాడని చిన్నప్పట్నించీ వింటున్నాను. ఆ సెలవుల్లోనే మా పాత పాలేరు గట్టు మీద కూర్చుని, "చేయించింది తాతగారే బాబూ, కాదన్ను. తట్టల్తో మట్టి మోసింది మాత్రం మా అమ్మా, మా వీధోళ్లూను. చివరి నెల కూలి చేతికి రాలేదు" అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ మాటెత్తాను. నాన్న ముద్ద కలపడం ఆపి, "ఎవరడిగారని చెప్పాడు వాడు?" అన్నారు. మా హాస్టల్ మిత్రుడి మాటా, నాన్న మాటా ఒకటే అనిపించింది నాకు.

నేనా పూటకి పాలేరు పక్షమే. కాని మర్నాడు నాన్నమ్మ పిలిచి, కూలి డబ్బుల కోసమే ఆ ఏడు తన గాజులు అమ్మారని చెప్పింది. ఆ డబ్బు మధ్యలో ఏ మేస్త్రీ చేతిలో ఆగిందో ఇప్పుడు తేల్చగలవాళ్లు లేరు. ఆ ఒక్క పూటలో నేర్చుకున్నది ఇది: అనుమతి అడగక్కర్లేదు గాని, ఇంకో నలుగుర్ని అడగకుండా చెప్పకూడదు. అనుమతి లేకుండా చెప్పేవాడి మాటను దిద్దే పెద్ద దిక్కు ఉండదు. వాడే రెండింతలు జాగ్రత్తపడాలి.

మిత్రులారా! మీ చేతుల్లో ఉన్న ఈ సంచిక కూడా అధికార చరిత్రే. ఇందులో అధ్యక్షుడి ఫొటో ఉంటుంది, కప్పు గెల్చిన జట్టు ఫొటో ఉంటుంది. ఉండాల్సిందే. కాని తెల్లవారుజామున నాలుగింటికి మెస్సులో పొయ్యి వెలిగించే ఆవిడా, ఎన్నికల్లో ఓడిన అభ్యర్థీ, ఫీజు కట్టలేక మధ్యలో చదువు మానేసిన మిత్రుడూ ఈ సంవత్సరాన్ని ఎలా చెబుతారు? వచ్చే ఏడాది సంపాదకవర్గానికి నా మనవి ఒక్కటే. రెండు పేజీలు వాళ్లకు విడిచిపెట్టండి. విచారించి, సరిచూసి వేయండి. మన పొగడ్త లేదని మాత్రం తీసెయ్యకండి.

— బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి