కారు గేము ఆడితే చెడిపోయినట్టేనా?



పోయిన వారం మన గ్రూపులో ఒక పెద్దాయన పెట్టిన పోస్టు చదివాం. ఎ.కొండూరు తండాల నుంచి కాలేజీకి పోయిన పిల్లలు హాస్టల్లో కార్ల గేములాడి పాడైపోతున్నారంట. లైకులు బాగానే పడ్డాయి, అందులో మా బాబాయిలవి కూడా ఉన్నాయి. ఆ పిల్లలం మేమే. ఒక రూములో నలుగురం, నలుగురి ఇళ్లల్లోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. కాబట్టి జవాబు కూడా మేమే చెప్పాలి.

మేం ఆడేది అసెట్టో కోర్సా. ఇటలీలోని కునోస్ సిములాజియోని అనే చిన్న కంపెనీ 2014లో తెచ్చింది. ట్రాకుల్ని లేజర్‌తో కొలిచి, గతుకులతో సహా కంప్యూటర్లోకి దింపారు. మామూలు కార్ల గేములో గోడకి గుద్దినా ముందుకే పోతాం. ఇందులో అది కుదరదు. మలుపులోకి దిగాక బ్రేకు గట్టిగా తొక్కితే బరువంతా ముందు టైర్ల మీదికి వచ్చి, వెనక తేలికైపోయి కారు గిర్రున తిరుగుతుంది. తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేయాలి, మలుపులో మెల్లగా వదలాలి. టైరు చల్లగా ఉంటే పట్టు ఉండదు, మరీ కాగినా ఉండదు. జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ అని 20 కిలోమీటర్లు దాటే ట్రాకుంది. మొదటి నెలంతా ఒక్క రౌండు కూడా గోడ తగలకుండా తిరగలేకపోయాం. ఆ గేము కులం అడగదు, రికమండేషన్ అడగదు, తప్పు నీదేరా అని మొహం మీదే చెప్తుంది.

ఇదెందుకు పనికొస్తుంది అంటారా? మన తండాల్లో కిడ్నీ జబ్బు సంగతి మేం చెప్పాలా? డయాలసిస్‌కి పోయి వచ్చేవాళ్లని వెనక సీట్లో పడుకోబెట్టుకుని నడిపే డ్రైవర్లు మన అన్నలే. బ్రేకు సడన్‌గా కొడితే వెనక నుంచి మూలుగు వినిపిస్తుంది. మాలో ఒకడు లైసెన్సు తీసుకుని, వేసవి సెలవుల్లో అలా తాతని తీసుకెళ్లాడు. దిగేటప్పుడు తాత "కుదుపు లేకుండా తెచ్చావురా" అన్నాడు. ఆ కాలికి ఆ అలవాటు ఎక్కడ వచ్చిందో మాకు తెలుసు.

అలాగని గేములో అంతా ఉందని మేం అనం. అందులో ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డం రాదు. మన అడ్డరోడ్డు దగ్గర రెండూ వస్తాయి.

మా కోపం ఇంకోటుంది. ఈ గేము కీబోర్డు మీద ఆడేది కాదు. బటన్ నొక్కితే బ్రేకు మొత్తం పడుతుంది, వదిలితే మొత్తం పోతుంది. సగం బ్రేకు అనేదే లేదు. మెల్లగా వదలమని నేర్పే గేము, వదలడానికి పెడల్ మాత్రం కొనుక్కోమంటుంది. మంచి స్టీరింగ్, పెడల్స్ సెట్టు ఇరవై వేలు దాటుతుంది. మన కాస్మెటిక్ చార్జీలు ఎంతో మీకు తెలుసు. పైగా నూర్‌బుర్గ్‌రింగ్ లాంటి ట్రాకులకి విడిగా డబ్బు కట్టాలి. కంపెనీ ఇచ్చినవాటిలో ఇండియా ట్రాకు ఒక్కటీ లేదు.

ఇక "రియల్" అని చెప్పుకునే ఫోను గేములు. పేరు చెప్పం. నాలుగు రేసులు కాగానే కారు రిపేరంటుంది, గంటలు గంటలు ఆగమంటుంది, ఆగలేకపోతే డబ్బు కట్టమంటుంది. మాలో ఒకడు స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి 900 కట్టాడు. ఆ కారు వాడిది కాదు, కనీసం అమ్ముకోడానికి కూడా రాదు. అప్పిచ్చే షావుకారైనా చేతికి రూపాయి ఇచ్చి వడ్డీ లాగుతాడు. వీడు ఏమీ ఇవ్వకుండానే లాగాడు. పెద్దాయనా, మీరు తిట్టాల్సింది దీన్ని. ఈ ఒక్క విషయంలో మేం మీ పక్కే.

గేములాడి రేసర్ అయినవాళ్లు ఉన్నారు. గ్రాన్ టురిస్మో పోటీలో 2011లో గెలిచిన యాన్ మార్డెన్‌బరో నిజంగానే ల మాన్ రేసులో కారు నడిపాడు, 2023లో దాని మీద సినిమా కూడా వచ్చింది. ఆ కల మేం ఎవరికీ అమ్మట్లేదు. మేం అడిగేది చిన్నది. 2021లో కేంద్రం తెచ్చిన రూల్సు ప్రకారం గుర్తింపు ఉన్న డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్లో సిమ్యులేటర్ ఉండి తీరాలి. కారు కోర్సు నాలుగు వారాల్లో 29 గంటలు. అక్కడ పాసైతే ఆర్టీఓ దగ్గర మళ్లీ టెస్టు అక్కర్లేదు. అంటే స్క్రీను ముందు కూర్చుని స్టీరింగ్ తిప్పడాన్ని సర్కారే ట్రైనింగ్ అంటోంది. అక్కడ కూర్చుంటే శిక్షణ, హాస్టల్లో కూర్చుంటే చెడిపోవడమా? మన తండా కుర్రాళ్లకి అలాంటి సీటు ఫీజు లేకుండా ఇప్పించమని అర్జీ రాస్తున్నాం. లైకు కొట్టిన బాబాయిలు దాని మీద సంతకం కూడా పెట్టాలి.

ఈలోపు ఎవరి దగ్గరైనా పాత స్టీరింగ్ సెట్టు మూలన పడి ఉంటే చెప్పండి. బస్సు చార్జీ మేమే పెట్టుకుని వచ్చి తీసుకెళ్తాం. పెడల్స్ లేనిది మాత్రం వద్దు.