పాత మిత్రుల కలయికలో కనబడని తెలుగు అక్షరం

తుంగభద్ర ఎడమ కాలువ నీటిని నమ్మి సింధనూరు, మాన్వి తాలూకాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు క్యాంపులలో కలిసి పెరిగినారు. నేడు వాట్సాప్‌లో ఒకరినొకరు వెదకుకొని కలుసుకొంటున్నారు. సంతోషమే! కాని పలకరింపులన్నీ ఇంగ్లీషు లిపిలోనే. వారి పిల్లలలో పలువురికి తెలుగు చదువనే రాదు.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. అయితే చేర్చే తల్లిదండ్రులు లేనిదే తరగతి నిలువదు. కన్నడము ఈ నేల భాష. దానిని చక్కగా నేర్వవలసినదే. అందుకై తెలుగును వదలనక్కరలేదు.

మిత్రులారా, తదుపరి కలయికకు ఆహ్వానము తెలుగులో వ్రాయండి. మీ పిల్లలచేత చదివించండి. వారు తడబడినచో ఆ సెలవులలోనే అక్షరాలు దిద్దించండి.