ఎవరి తీరిక మీద ఈ క్లబ్బులు?

పిల్లని బడికి పంపకుండా ఇంటిదగ్గరే చదివించుకుంటున్నామని చెప్పగానే రెండు ప్రశ్నలు వస్తాయి. "పదో తరగతి ఎలా?" అన్నది ఒకటి. ఓపెన్ స్కూలు ఉంది, పద్నాలుగేళ్ళు నిండితే పరీక్ష రాయొచ్చు, ఆ సంగతి ఇక్కడ వదిలేద్దాం. "మరి నలుగురితో కలవడం ఎలా?" అన్నది రెండోది. దీనికి మాలాంటి వాళ్ళందరం ఒకే జవాబు చెప్తాం. "క్లబ్బులున్నాయి కదండీ!"

ఉన్నాయి. చెట్టుకి కాయలున్నట్టు, వాటంతటవే ఉన్నాయన్నమాట.

హైదరాబాదులో మా తొమ్మిది కుటుంబాల పిల్లలకి మంగళవారం పుస్తకాల క్లబ్బు, గురువారం సైన్సు క్లబ్బు, నెలకోసారి అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు చూడటం. వినడానికి ఎంత బాగుందో! ఇందులో గంటన్నర సేపు జరిగే పుస్తకాల క్లబ్బు ఒక్కదాని వెనక ఏముందో చూడండి. ఐదేళ్ళవాడికీ పదమూడేళ్ళ పిల్లకీ పనికొచ్చే కథ వెతకాలి. అపార్టుమెంటు సంఘాన్ని బతిమాలి కింద హాలు తాళం తీయించుకోవాలి. ఎవరు వస్తున్నారో, ఎవరికి జ్వరమో ముందురోజు రాత్రి అందరికీ ఫోన్లు చేసి కనుక్కోవాలి. వేరుశెనగ పడని పిల్లాడెవరో గుర్తుంచుకుని ఉప్మా చేయాలి. ఇద్దరు కొట్టుకుంటే విడదీయాలి, ఆ సాయంత్రం వాళ్ళ తల్లుల మధ్య వచ్చిన మాటపట్టింపుని కూడా విడదీయాలి. రంగులంటిన కుంచెలు కడగాలి. పదకొండేళ్ళ పిల్ల కడుపునొప్పని పక్కకి వచ్చి నిలబడితే అదేమిటో ఆమె చెప్పకముందే అర్థం చేసుకోవాలి. ఇవన్నీ చేసే మనిషికి మా గ్రూపులో ఒక పేరుంది. "కోఆర్డినేటర్." ఆ పదానికి లింగం లేదంటారు. ఇప్పటివరకు మాకు ఆరుగురు కోఆర్డినేటర్లు మారారు. ఆరుగురూ ఆడవాళ్ళే.

తండ్రులు లేరని కాదు. ఆదివారం రోబో తయారుచేసి చూపించడానికి ఒక తండ్రి వస్తారు. రెండు గంటలు చాలా బాగా చెప్తారు, పిల్లలు ఆయన చుట్టూ మూగుతారు, ఆ ఫొటోలు నెలంతా తిరుగుతాయి. ఆ రోబోకి బ్యాటరీలు కొనుక్కొచ్చినది ఎవరని ఎవరూ అడగరు. "మంగళవారం మీరు చూసుకోకూడదా?" అని ఒకాయన్ని నేను అడిగితే, "మీరైతే పిల్లల్ని బాగా చూసుకుంటారండీ, మాకు ఆ ఓపిక ఎక్కడిది!" అన్నారు. ఈ పొగడ్త మనకి కొత్తదా? మా అమ్మమ్మ చేతి వంటని మా తాతయ్య కూడా ఇలాగే పొగిడేవారు.

కాలవినియోగం మీద 2024లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. పిల్లలనీ పెద్దలనీ చూసుకోవడం వేరే లెక్క. అందులో ఆడవాళ్ళవి 137 నిమిషాలైతే మగవాళ్ళవి 75. పిల్లల్ని బడి మాన్పించిన ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. బడి ఎంత చెడ్డదైనా తల్లికి రోజూ ఆరేడు గంటలు వదిలిపెట్టేది. ఆ గంటలు మనం ఇష్టపడే వెనక్కి ఇచ్చేశాం. ఇప్పుడు పక్కవాళ్ళ పిల్లల గంటలు కూడా నెత్తిన వేసుకుంటున్నాం. మా తొమ్మిదిమందిలో ఉద్యోగాలు వదిలేసినవాళ్ళం ఐదుగురం. వదిలేసిన మగవాడు ఒక్కరూ లేరు.

మన పుస్తకాల అరల్లో ఇవాన్ ఇల్యిచ్, జాన్ హోల్ట్ పక్కపక్కనే ఉంటారు. బడి లేని సమాజం గురించి ఇల్యిచ్ 1971లో రాస్తూ, ఒకే ఆసక్తి ఉన్నవాళ్ళని కంప్యూటరు ద్వారా కలపొచ్చన్నాడు. అప్పటికది గొప్ప ఊహే. కంప్యూటరు పేర్లు కలపగలదు. వచ్చిన పిల్లలకి మజ్జిగ కలిపేది ఎవరు? పిల్లల స్వేచ్ఛ గురించి ఇంత ప్రేమగా ఆలోచించినవాళ్ళని చదువుతున్నప్పుడు, వంటింట్లోంచి ఈ ప్రశ్న అడగాలనిపిస్తుంది నాకు. హోల్ట్ 1977లో మొదలుపెట్టిన పత్రిక స్ఫూర్తితో ఇళ్ళల్లో చదువు చెప్పుకున్న కుటుంబాల్లో కూడా ఆ ఇల్లు పట్టుకుని ఉన్నది ఎక్కువగా తల్లులే కదా.

పిల్లల సంఘాలు మనకి పరాయివేం కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి మద్రాసులో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదులో నడిపిన బాలానంద సంఘం మన ముందుతరాలకి బాగా తెలుసు. 1945లో వాళ్ళు 'బాల' పత్రిక కూడా తెచ్చారు. నాకు అందులో నచ్చే విషయం ఒకటుంది. అన్నయ్యతోపాటు అక్కయ్య పేరు కూడా జనానికి గుర్తుంది. ఆమె చేసిన పని నలుగురిలో జరిగింది, దానికో గొంతుంది, ఇంటింటా వినిపించింది. మన క్లబ్బులు ఇళ్ళ డ్రాయింగు రూముల్లో జరుగుతాయి కాబట్టి వాటి పని కూడా ఇంటిపనిలో కలిసిపోతుంది. ఎవరూ లెక్కపెట్టరు, జ్ఞాపకం పెట్టుకోరు.

ఇక రెండో పేచీ, నాకు దీని గురించే ఎక్కువ కోపం. మన క్లబ్బు నడవాలంటే మన గిన్నెలు ఇంకొక ఆవిడ తోమాలి. మా ఇంట్లో ఆ పని చేసే ఆవిడ కూతురు సర్కారు బడిలో ఆరో తరగతి. సెలవురోజున అమ్మతో వచ్చి, హాలు గుమ్మం దగ్గర నిలబడి కథ మొత్తం విని, చివరికి రాక్షసుడి ముగింపు బాలేదని చెప్పింది. ఆ పిల్లని క్లబ్బులో చేర్చుకుందామన్నాను. "పాపం, కానీ ఆమె స్కూలుకి వెళ్తుందిగా, మనది స్కూలుకి వెళ్ళనివాళ్ళ క్లబ్బు కదా" అన్నారు ఒకరు. "ఇంగ్లీషు ఫాలో అవుతుందా?" అన్నారు ఇంకొకరు. చదువుకున్న ఆడవాళ్ళం, కులం గురించి వ్యాసాలు రాసేవాళ్ళం, ఒక్క పిల్లని బయట ఉంచడానికి ఎంత మర్యాదైన కారణాలు దొరికాయో!

ఈ జిల్లాల్లోనే, పత్తి చేలల్లోంచీ పశువుల వెంటనుంచీ పిల్లల్ని బడికి తేవడానికి శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు 1991 నుంచి ఊరూరా తిరిగారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అన్నది వాళ్ళ వాదన. 'ఇంటిదగ్గర ఉన్న ఆడపిల్ల' అంటే తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్ల, పెళ్ళికి ఎదురుచూసే పిల్ల అనే అర్థం ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఇంకా పోలేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆ పిల్లలకి బడిని హక్కుగా ఇచ్చింది. ఆ బడిని వద్దనుకోగలగడం మన సౌకర్యం. వద్దనుకున్నందుకు నేను సిగ్గుపడను. మా అమ్మాయికి బడిలో దొరకనిది ఇంట్లో దొరికింది. కానీ బడిలో రకరకాల పిల్లలు ఒకే బల్లమీద కూర్చునే అవకాశం కాస్తయినా ఉంది. మన క్లబ్బు ఆ కాస్త కూడా లేకుండా చేస్తే, నలుగురితో కలవడం అని మనం చెప్పే జవాబులో ఆ నలుగురూ ఎవరు?

కాబట్టి నేను అడిగేది ఇది. క్లబ్బు పెట్టేముందు ఏ పుస్తకం, ఏ ప్రయోగం అని కాదు, ఎవరి గంటలు అని మొదలుపెడదాం. తండ్రుల పేర్లు పట్టికలో ఉండాలి, ప్రదర్శనకి కాదు, హాజరు తీసుకుని కుంచెలు కడగడానికి. ఎవరూ లేకపోతే తలా కొంత వేసుకుని నడిపే మనిషికి డబ్బిద్దాం. "సేవ" అన్న మాట ఎత్తితే నాకు అనుమానమే. వేళ ఉదయం పదకొండు కాకుండా సాయంత్రం ఐదు కావాలి, బడి వదిలిన పిల్లలు రావడానికి వీలుగా. చోటు కూడా ఇళ్ళు దాటాలి. గ్రంథాలయాలున్నాయి, పబ్లిక్ గార్డెన్స్‌లో బాలభవన్ ఉంది, పార్కులున్నాయి. అక్కడ మరుగుదొడ్లు బాగుండవంటారు. నిజమే. అయితే బాగుచేయమని అడిగే పని కూడా క్లబ్బు పనే.

వచ్చే నెలనుంచి నాటకాల క్లబ్బు పెడదామని మా గ్రూపులో ప్రతిపాదన వచ్చింది. సాయంత్రం ఐదుకి, పార్కులో, తెలుగులో, ఎవరైనా రావచ్చన్న షరతుతో సరే అన్నాను. పన్నెండు వారాల పట్టిక వేసి, ఆరు వారాలు తండ్రులకని ఖాళీగా ఉంచి పంపాను. నాలుగు రోజులైంది. ఐదుగురు తండ్రులు బొటనవేలి బొమ్మ పెట్టారు. పేరు ఎవరూ రాయలేదు.