సేవ పేరుతో వెట్టి ఇంకెన్నేళ్లు?

'సేవ' మాకు కొత్త మాట కాదు. మనువు కింది కులాలకు రాసిపెట్టిన పని అదే. ఆసామి గొడ్లచావిట్లో పేడెత్తితే సేవ. చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడిస్తే సేవ. కూలి అడిగితే మాత్రం పొగరు! ఆ సేవ ఇక వద్దనే మా తాతలు చర్చి మెట్లెక్కారు. ఇప్పుడు చర్చిలోనూ అదే వాసన కొడుతోంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేం బడిపంతుళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ మొహం చూసిన మొదటి తరం మాది. మా వాడల నుంచి ఏటా జూన్ నెలలో ఇద్దరో ముగ్గురో పిల్లలు పెట్టె సర్దుకుని హైదరాబాదో, విజయవాడో, విశాఖపట్నమో బయల్దేరుతున్నారు. 'ఒక్క ఏడాది ప్రభువుకిచ్చి రా' అంటారు పాస్టరయ్యగారు. తల్లి ప్రార్థన చేయించి, అప్పుచేసి చార్జీలు చేతిలో పెట్టి బస్సెక్కిస్తుంది. ఆ తల్లి భక్తిని మేం ఎగతాళి చేయటం లేదు. ఆ భక్తి లేకపోతే మా వాడలో బడి లేదు, పలక లేదు, మేమూ లేం. మా తగాదా భక్తితో కాదు, దాన్ని వాడుకుంటున్న వాళ్లతో.

మా వాడ పిల్ల సంగతే చెప్తాం. బి.ఇడి. పాసయ్యింది. 2024 జూన్‌లో హైదరాబాదు వెళ్లింది. పిల్లలకు చదువు చెప్పే పని అన్నారు. వారం తిరక్కముందే హాస్టలు వంటగదిలోకి తోశారు. తెల్లారి నాలుగున్నరకు లేచి ఎనభై మందికి ఉప్మా వండాలి, మెట్లు తుడవాలి, పెద్దల మీటింగులో టీ అందియ్యాలి. చేతిఖర్చుకని నెలకు వెయ్యి రూపాయలు. అదే ఏడాది అదే సేవకు పెద్ద కులం కుర్రాడొకడు వచ్చాడు. ఇంటిపేరు వినగానే ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు కుర్చీ వేశారు. ఇద్దరిదీ ఒకటే బాప్తిస్మం, ఒకటే ప్రభువు బల్ల. చీపురు మాత్రం ఒకరికే! చర్చిలో కులం లేదని గంటసేపు ప్రసంగం చేసేవాళ్లు ఈ చీపురు సంగతి ఎత్తరేం?

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడింది. చదువుకోటానికి రెండు నెలలు సెలవు ఇమ్మని బతిమాలింది. నాగలి పట్టినోళ్లు ఎనక్కి చూడకూడదని వాక్యం చెప్పి కూర్చోబెట్టారు. ఏ నాగలయ్యా? తరతరాలుగా మావాళ్లు పట్టింది ఎవరి పొలంలో నాగలి? ఇవాళ మా పిల్ల పడుతోంది ఎవరి నాగలి? చదవకుండానే పరీక్ష రాసింది. ఉద్యోగం పోయింది. ఆ ఇంటికి అది మొదటి సర్కారు కొలువు అయ్యుండేది. ఈ నష్టాన్ని ఏ కానుకల పెట్టెలోంచి తీర్చుతారు?

సేవకు డబ్బేంటి అని అడిగేవాళ్లు చరిత్ర తిరగెయ్యాలి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో మాడే మావాళ్లకు పని ఇచ్చాడు, పనికి కూలి ఇచ్చాడు. అన్నానికి ఆశపడి మతంలో కలిశారన్న మాట రాకుండా కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాతే 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ పల్లెలకు ఆయనకు దారి చూపింది తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య. పేరయ్య సేవ చేసింది పట్నం ఆఫీసుల్లో కాదు, తన గూడేల్లో. దొరను మేం దేవుణ్ణి చేయటం లేదు. కరువులో కూలి ఇయ్యగలిగితే, కార్లూ షాపింగ్ కాంప్లెక్సులూ ఉన్న ఈనాటి పెద్దలు ఎందుకు ఇయ్యలేరు?

ఇంకో సంగతి. ఏడాది చివర 'క్రైస్తవ సేవకురాలు' అని సర్టిఫికెట్ చేతికిచ్చారు. ఆ పిల్ల దాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచింది. ఎందుకు? ఎమ్మార్వో ఆఫీసులో ఎవడి కంటనన్నా పడితే ఎస్సీ సర్టిఫికెట్‌కే ఎసరు! 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే కట్టేసింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు తలుపు తీశారు. క్రైస్తవ దళితుణ్ణి బయటే నిలబెట్టి బి.సి.-సి కింద 1 శాతం విదిలించారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసి కేంద్రానికి పంపి చేతులు దులుపుకుంది. 2025లో కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవుడయ్యాక ఎస్సీ కాదు గనుక అట్రాసిటీ చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. తిట్టేవాడికి కనబడే కులం చట్టానికి కనబడదా? పట్నంలో గది అద్దెకు అడిగితే, 'క్రైస్తవులా? సరే, అంతకుముందు ఏవిట్లు?' అని అడిగేవాడికి కనబడే కులం కోర్టుకు కనబడదా?

మా పిల్లల సేవ కావాలిగానీ, మా పిల్లల హక్కు కోసం నోరు విప్పరు. ఇదేం న్యాయం?

మేం సేవకు వ్యతిరేకం కాదు. సంఘ పెద్దల్ని అడిగేది ఇది:

ఒకటి. ఏం పని, ఎన్ని గంటలు, నెలకెంత అన్నది ముందే కాగితం మీద రాసియ్యాలి.
రెండు. చీపురు పడితే అందరూ పట్టాలి. కుర్చీ ఉంటే అందరికీ ఉండాలి.
మూడు. పోటీ పరీక్షలకు జీతంతో సెలవియ్యాలి.
నాలుగు. ఏడాదిలో సగం మా వాడల్లోనే సాయంత్రం బడులు నడిపించాలి.
అయిదు. మూడో పేరా రద్దు చేయాలని సంఘాలు రోడ్డెక్కాలి. ముందు వరసలో అయ్యగార్లు నడవాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వెళ్లేముందు అడగండి. అడిగితే విశ్వాసం తక్కువని అంటారు, అననివ్వండి. మన తాతలు ఊరిని ప్రశ్నించే విశ్వాసులయ్యారు. అడగటం మనకు వాళ్లిచ్చిన ఆస్తి. ప్రభువుకు ఏడాది ఇద్దాం. పెత్తందారుకు ఒక్క పూట కూడా ఇయ్యం.

జై భీమ్!