బందరులో మేమిద్దరం

ఇంగ్లండు వెళ్ళి వచ్చిన దంపతుల కబుర్లలో ఒక చిత్రం గమనించాను. బ్రిస్టలు కానివ్వండి, లివర్‌పూలు కానివ్వండి, పాత రేవు పట్నం ఏది చూసి వచ్చినా ఓడల సంగతి ఒక వంతు చెబుతారు, పబ్బుల సంగతి రెండు వంతులు చెబుతారు. ఇక్కడ వుండగా నిమ్మకాయ సోడా తప్ప మరొకటి ముట్టనివారు కూడా అంతే. మొదట్లో నవ్వుకునేవాణ్ణి. ఆలోచించగా అందులో ఒక మర్మం వుందనిపించింది. పబ్బు అన్నది పబ్లిక్ హౌసుకి పొట్టిపేరు. తెలుగులో చెప్పుకుంటే నలుగురి ఇల్లు. ఊరు తిరిగి తిరిగి కాళ్ళు పీకిన మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని, కావలసింది తాగి, పొరుగు బల్లవాళ్ళతో రెండు మాటలాడి లేచే చోటు. తాగేది బీరా, నిమ్మరసమా అన్నది తరవాతి మాట.

రేవు పట్నాలు మనకీ వున్నాయి. మరి మన దంపతులు ఊరు చూసి అలిసిపోతే ఎక్కడ కూర్చోవాలి? మొన్న సంక్రాంతి సెలవుల్లో మేము బందరు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న బాగా అనుభవానికి వచ్చింది.

మా మంచిర్యాలకి గోదావరి వుంది, చుట్టూ బొగ్గు గనులున్నాయి, పెద్ద లైను రైలుంది. సముద్రం మాత్రం లేదు. పిల్లలు హాస్టళ్ళకి చేరాక మేమిద్దరమే కలిసి బయలుదేరిన మొదటి ప్రయాణం ఇది. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: "చుట్టాలిండ్లు వద్దు. మొక్కులు వద్దు. ఊరు చూసుడే." సరేనన్నాను. రాత్రి బండెక్కి, తెల్లవారి బెజవాడలో దిగి, గుడివాడ మీదుగా పోయే బందరు బండి పట్టుకున్నాం.

బందరు అంటేనే పారశీక భాషలో రేవు. "రేవుకి రేవనే పేరు పెట్టారు చూడు, మనిషికి మనిషి అని పేరు పెట్టినట్టు" అన్నాను.

"రైల్లనే పాఠం షురూ చేసిన్రా?" అన్నది ఆవిడ.

పాఠం లేనిదే అర్థమయ్యే ఊరు కాదది. గోలకొండ సుల్తానుల కాలంలో ఆ రాజ్యానికి ముఖ్యమైన రేవు ఇదే. 1605లో డచ్చివాళ్ళు వచ్చారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు దిగారు. 1669లో ఫ్రెంచివాళ్ళు కోఠీ పెట్టారు. హాలెండువారిని మనవాళ్ళు వలందులన్నారు, ఫ్రెంచివారిని పరాసులన్నారు. ఆ దొరలు పోయారు గాని పేర్లు పోలేదు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అంటూ ఆటో అబ్బాయి మూడు రాజ్యాల పేర్లు ఒక్క ఊపిరిలో పిలుస్తూ బేరానికి తిరుగుతున్నాడు.

"మరి మనోళ్ళ పేరేది?" అన్నది మా ఆవిడ. మంచి ప్రశ్నే. పేరు లేదు గాని సరుకు వుంది. మా ఉత్తర తెలంగాణంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం కోనసముద్రం దాకా పారశీక వర్తకులు వచ్చేవారు. 17వ శతాబ్దంలో తెవనో అనే ఫ్రెంచి యాత్రికుడు ఇందల్వాయిలో కత్తులు చెయ్యటం గురించి రాసిపెట్టాడు. గోలకొండ రాజ్యపు ఇనుమూ ఉక్కూ ఓడ ఎక్కింది బందరులోనే. ఈనాటికీ పుణె నుంచి హైదరాబాదు మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి బందరులోనే ఆగిపోతుంది. అంచేత మేము పరాయి ఊరు చూడబోలేదు. మా ఊరి బాట చివర చూడబోయాం.

ముందు బందరుకోట వెళ్ళాం. కోటలో మిగిలింది కొద్దే. డచ్చివారి సమాధులు మాత్రం వున్నాయి. పెద్ద పెద్ద రాతిపలకల మీద వంశ చిహ్నాలు, శిరస్త్రాణాలు, అక్షరాలు నేర్పుగా చెక్కివున్నాయి. ఎక్కడి హాలెండు, ఎక్కడి కృష్ణా తీరం! ఇక్కడి ఎండకి ఆ రాళ్ళు నల్లబడ్డాయి. మా ఆవిడ ఒక పలక దగ్గర చాలాసేపు నిలబడి, "ఇండ్ల తల్లులకు ఈ సంగతి ఎన్ని నెలలకు తెలిసిందో" అన్నది. ఓడ మీద వార్త పోవాలి గదా. నా దగ్గర జవాబు లేదు.

ఆ పక్కనే 1864 సంగతి చెప్పాలి. ఆ ఏడు నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో సముద్రం ఊరి మీదికి వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. అసలే బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో ఆగితే, సరుకంతా పడవల మీద చేరవెయ్యాలి. 1933లో విశాఖపట్నం రేవు తెరిచాక పెద్ద ఓడలకి బందరుతో పనిలేకపోయింది.

ఇంత చూసేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కాళ్ళు పీకాయి. కూర్చోవాలి. టీబండి దగ్గరికి వెళితే పదిమంది మగవాళ్ళు నిలబడి తాగుతున్నారు. ఆవిణ్ణి చూసి మర్యాదగానే పక్కకి జరిగారు గాని, ఆ జరగటంలోనే 'మీరిక్కడికేమిటి' అన్న ప్రశ్న వుంది. ఒక హోటల్లోకి వెళితే, సర్వరు మమ్మల్ని చూడగానే "ఫామిలీనా? లోపలికి పదండి" అన్నాడు. లోపల చిన్న గది. కిటికీ లేదు. పంకా వుంది, తిరగదు. గుమ్మానికి మాసిన తెర. బయట వీధి అంత సందడిగా వుంటే మేము గోడకెదురుగా కూర్చుని కాఫీ తాగాం.

"మనమేమన్న దొంగతనం చేసినమా? ఈ తెరెందుకు?" అన్నది మా ఆవిడ.

ఆ గదిలో కూర్చునే నాకొక పాత ముచ్చట జ్ఞాపకం వచ్చింది. కృష్ణకి అవతల నిజాంపట్నం వుంది. దొరలు దాన్ని పెటపోలి అనేవారు. 1632లో అక్కడి ఇంగ్లీషు వర్తకుడికి, ఈ కోరమండల తీరంలోనే మరో కోఠీలో వున్న తోటి ఉద్యోగి ఉత్తరం రాశాడు. 'పంచ్' జోలికి పోవద్దని అందులో ఒక హితవు. ఆ పానీయం పేరు ఇంగ్లీషులో రాతకెక్కిన మొట్టమొదటి సందర్భం ఆ ఉత్తరమేనని నిఘంటుకారులు చూపిస్తారు. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్ళు, మసాలా – ఈ అయిదూ కలిసినందున మన 'పంచ' శబ్దమే 'పంచ్' అయిందని చాలామంది అంటారు. లండను పబ్బులో గొప్పగా తాగే దానికి బారసాల జరిగింది మన సముద్రం ఒడ్డున అన్నమాట!

పోనీ మనకి నలుగురి ఇల్లు అనేది ఎన్నడూ లేదా? లేకేం! 'క్రీడాభిరామం'లో మంచనశర్మా, టిట్టిభసెట్టీ ఓరుగల్లు వీధులన్నీ తిరిగి, ఆకలేసినప్పుడు పూటకూళ్ళ ఇంట్లో భోంచేశారు. ఊరు చూడటం, తినటం, మాటలాడటం మూడూ కలిసినదే విహారమని ఆ కవికి తెలుసు. వచ్చిన చిక్కల్లా వాళ్ళిద్దరూ మగవాళ్ళు కావటమే. ఆనాటి నుంచి ఈనాటి దాకా మన సాహిత్యంలో ఊరు తిరిగేది స్నేహితులు. దంపతులు తిరిగితే అది తీర్థయాత్ర.

కల్లు దుకాణం వుంది గదా అంటారేమో. మా వైపు బోనాలకీ, పెళ్ళిళ్ళకీ చాలా ఇళ్ళల్లో ఆడా మగా కలిసే కల్లు తాగుతారు. ఎవరూ నోరు నొక్కుకోరు. కాని దుకాణం దగ్గరికి వచ్చేసరికి అది మగవాడి చోటు. ఆడది బయట నిలబడి, జీతం డబ్బులో ఎంత మిగిలిందో చూసుకోవలసినదే. ఆ నిలబడటానికి విసిగే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు వాళ్ళు. ఊరూరా ఆ మాట పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. దూబగుంట కథని తాగుడు మీద యుద్ధమని మాత్రమే చెప్పుకుంటే సగమే చెప్పుకున్నట్టు. సంసారం డబ్బు ఖర్చయ్యే చోట సంసారానికి చోటు లేకపోవటం మీద కూడా అది యుద్ధమే.

సాయంత్రం పెడన వెళ్ళాం. బందరు కలంకారీకి ఆ ఊరే పట్టుకొమ్మ. ఒక ఇంటి ముందు ఆగి చూస్తుంటే, ఆ ఇంటాయన "అరుగు మీద కూర్చోండి, అమ్మా మీరూ కూర్చోండి" అన్నాడు. ఆయన చెక్క అచ్చు అద్దుతున్నాడు. ఆయన భార్య బట్ట సర్ది పడుతున్నది. గుడ్డని కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెడతారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరవేస్తారు. ఎరుపు కోసం పటిక నీళ్ళు అద్ది, వేళ్ళ రంగులో ఉడకబెడతారు. ఇలాంటి బట్ట కోసమే ఒకప్పుడు దొరలు ఓడలు వేసుకు వచ్చారు. ఆ ఇల్లాలు మాకు మజ్జిగ ఇచ్చింది. ఊరవేసిన బాన వేపు చూపిస్తూ, "మా ఇంటి కల్లు అదేనండీ, తాగేది గుడ్డ" అని నవ్వింది. ఆ మాటకి మా ఆవిడ చాలా రోజుల తరవాత గట్టిగా నవ్వింది. గంటసేపు కూర్చున్నాం. ఏ సమాధీ చెప్పని బందరు సంగతులు ఆ అరుగు చెప్పింది.

ఇప్పుడు కట్టే ఇళ్ళకి అరుగులు లేవు. గేటూ, తాళమూ వున్నాయి. అరుగు పోయినచోట మరొకటి రావాలి గదా, రాలేదు. వచ్చింది తెర వేసిన గది.

బందరుకి మళ్ళీ పెద్ద రేవు కట్టటానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. సంతోషం. ఓడలకి ఎంత లోతు తవ్వాలో, ఎన్ని బెర్తులు కట్టాలో లెక్క వేసే పెద్దలున్నారు. వారిని నేను కోరేది చిన్నది. బందరులో గాని, మా మంచిర్యాల గోదావరి ఒడ్డున గాని, ఊరు చూడవచ్చిన మొగుడూ పెళ్ళాం వీధి కనపడేలా కూర్చుని, ఒక గ్లాసు మజ్జిగో, చాయో తాగే చోటు కట్టండి. దానికి పబ్బని పేరు పెట్టనక్కరలేదు. గుమ్మానికి తెర మాత్రం వెయ్యకండి.