ఎన్నో సర్వరు?

మాది ఆత్మకూర్ (ఎస్). పేరు పక్కన ఆ బ్రాకెట్టు ఏంటని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఎస్ అంటే సూర్యాపేట. ఆత్మకూర్లు చాలా ఉన్నాయి మరి. నెల్లూరు జిల్లాలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, వనపర్తి జిల్లాలో ఒకటి, మా పాత నల్గొండ జిల్లాలోనే ఆత్మకూర్ (ఎం) ఇంకోటి. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరే జిల్లా అయినా ఆ ఎస్ మాత్రం మమ్మల్ని వదల్లేదు. హైదరాబాదులో మా రూమ్మేటు ఒకడు "మీది ఎన్నో ఆత్మకూరురా?" అని ఏడిపించేవాడు.

ఈ టపా ఆ "ఎన్నో" గురించే.

మా ఊరి రచ్చబండ దగ్గర ఏ పెద్దాయన కనబడ్డా మొదట అడిగేది ఇదే: "ఎవరి కొడుకువి బిడ్డా? ఎన్నోవాడివి?" రెండో ప్రశ్నని ఇంగ్లీషులోకి మార్చి చూడండి. "హౌ మెనీయెత్ సన్ ఆర్ యూ" అంటే ఎవడైనా నవ్వుతాడు. ఫస్ట్, సెకండ్, థర్డ్ అని జవాబులు అన్నీ ఉన్నాయి. వాటిని రాబట్టే ప్రశ్నకి మాత్రం ఒక్క మాట లేదు. తమిళంలో "ఎత్తనైయావదు" ఉంది, కన్నడంలో "ఎష్టనే" ఉంది, అంత దూరాన జర్మన్‌లో కూడా "వీఫీల్త" ఉంది. ఇంగ్లీషుకే లేదు. వాళ్ళు చుట్టూ తిరిగి, సందర్భాన్ని బట్టి వేరే వాక్యం కట్టుకుంటారు. అది పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి ఇబ్బంది కాదు. ఇబ్బందల్లా మనకే.

ఎంత ఇబ్బందో చెప్తాను. ఇది కొన్నేళ్ళ కింద నేను చేసిన ఘనకార్యం.

మా దగ్గర మూడు సర్వర్లు ఉండేవి. శనివారం రాత్రి రెండోదాన్ని ఆపి, అందులో డేటా కాపీ చేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. సాయంత్రం ఇంటికెళ్ళే తొందరలో నోట్ రాశాను: "షుడ్ స్టాప్ ఫస్ట్ సర్వర్, దెన్ కాపీ." నా ఉద్దేశం "ముందు సర్వర్ ఆపాలి, తర్వాత కాపీ" అని. చదివేవాడికి అది "మొదటి సర్వర్ ఆపాలి" అని కూడా వినబడుతుందని నాకు తట్టలేదు.

నైట్ షిఫ్టులో ఉన్నది మా సూర్యాపేట వైపు కుర్రాడే. తెలుగు మీడియం. వాడికి అనుమానం వచ్చింది, మెచ్చుకోవాలి. కాల్‌లో క్లయింటు మనుషులు ఉన్నారు కాబట్టి తెలుగులో అడగలేక, "సర్, హౌ మెనీ సర్వర్?" అన్నాడు. ఎన్నో సర్వరు అని వాడి ప్రశ్న. ఎన్ని సర్వర్లు అని నాకు వినబడింది. "ఓన్లీ వన్" అన్నాను.

వాడు ఒకటో నంబరు ఆపేశాడు. అది లైవ్‌లో ఉన్నది. నలభై నిమిషాలు కస్టమర్లకి ఏమీ పనిచేయలేదు.

ఇక్కడ ఫస్ట్ అనే మాట చేసే గారడీ చూడండి. "యూ షుడ్ ఫస్ట్ స్టాప్ ద సర్వర్" అంటే ముందు ఆపాలి. "యూ షుడ్ స్టాప్ ద ఫస్ట్ సర్వర్" అంటే మొదటిదాన్ని ఆపాలి. "యూ షుడ్ బి ద ఫస్ట్ టు స్టాప్ ఇట్" అంటే అందరికన్నా ముందు నువ్వే ఆపాలి. షుడ్ పక్కన ఫస్ట్ ఎటు జరిగితే అర్థం అటు జరుగుతుంది. ఆ జరుగుడుని పట్టి చూపించేది చిన్న "ద". మనం రాసేటప్పుడు ముందు ఎగిరిపోయేది అదే. తెలుగులో ఈ గొడవ లేదు. ముందు, మొదటిది అని మాటలే వేరు. వాక్యంలో ఎక్కడ పెట్టినా ముందు ముందే, మొదటిది మొదటిదే.

అలాగని తెలుగు అన్నింటికీ మందు అని నేననను. "నాలుగో తారీఖుకి అయిపోవాలి" అని మీటింగులో అంటాం. అది మాటా, అంచనానా? రెండూ కావచ్చు. "షుడ్ బి డన్ బై ఫోర్త్" కూడా అంతే. మనం అంచనా చెప్తాం, మేనేజరు మాట ఇచ్చామని రాసుకుంటాడు. "వచ్చు" కూడా అనుమతికీ, అనుమానానికీ ఒకటే. కానీ కాదనే దగ్గర మనం గట్టివాళ్ళం. "థర్డ్ స్టెప్ మే నాట్ బి రిపీటెడ్" అంటే మళ్ళీ చేయకూడదనా, చేయకపోవచ్చనా? కూడదు వేరు, పోవచ్చు వేరు, అక్కర్లేదు వేరు. తెలుగువాడు ఈ మూడింటినీ కలపడు.

ఇంగ్లీషువాళ్ళకి ఈ సంగతి తెలీక కాదు. 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్‌నర్ ఆర్ఎఫ్‌సీ 2119 రాసింది ఇందుకే. ఇంటర్నెట్ ప్రమాణాల్లో మస్ట్ అంటే ఏంటి, షుడ్ అంటే ఏంటి, మే అంటే ఏంటి అని ఒక్కోదానికి అర్థం కట్టేశారు. షుడ్ అంటే గట్టి కారణం ఉంటే తప్పించుకోవచ్చు, మస్ట్ అంటే తప్పదు. ఆ జాబితాలో "మే నాట్" అసలు లేదు. 2017లో ఆర్ఎఫ్‌సీ 8174 వచ్చి, పెద్ద అక్షరాల్లో రాస్తేనే ఆ అర్థాలు, చిన్న అక్షరాల్లో ఉంటే మామూలు ఇంగ్లీషే అని తేల్చింది. ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్ళకి షుడ్ అంటే ఏంటో రాసుకోవడానికి ఒక డాక్యుమెంటు, దానికి ఇరవై ఏళ్ళ తర్వాత సవరణ కావాల్సి వచ్చింది. మన కుర్రాడు ఒక్క రాత్రిలో అర్థం చేసుకోవాలట :)

ఇంక అసలు సంగతి. సోమవారం మీటింగులో లీడ్ "కమ్యూనికేషన్ వీక్" అన్నాడు. ఎవరిది? ఆ కుర్రాడిది. వాడిని క్లయింటు కాల్స్ నుంచి తీసేశారు. నోట్ రాసింది నేను. "ద" మింగింది నేను. తప్పు జవాబు చెప్పింది నేను. నా ఇంగ్లీషు బావుంటుందని పేరు కాబట్టి నన్నెవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు. మూడు వారాల తర్వాత వెళ్ళి లీడ్‌కి చెప్పాను. విని "సరేలే, అయిపోయిందిగా" అన్నాడు. వాడు మాత్రం ఆ తర్వాత ఏ కాల్‌లోనూ ప్రశ్న అడగలేదు. అనుమానం వచ్చినా అడగలేదు. సర్వరు నలభై నిమిషాల్లో లేచింది కానీ, ఆ నష్టం ఇంకా పూడలేదు.

అందుకే రెండు మాటలు. ఒకటి, రాత్రిపూట ఎవరో చదివి చేయాల్సిన పనిలో షుడ్‌నీ ఫస్ట్‌నీ ఒక వాక్యంలో పెట్టకండి. 1, 2, 3 అని వరస వేసి, ప్రతి వరసలో సర్వరు పేరు రాయండి. రెండోది, ఎవడైనా "హౌ మెనీ" అని తడబడితే నవ్వే ముందు ఒక్క క్షణం ఆగి, వాడు అడగాలనుకున్నది తెలుగులో ఏమై ఉంటుందో ఆలోచించండి. వాడి దగ్గర ప్రశ్న ఉంది. ఇంగ్లీషు దగ్గరే మాట లేదు. "తెలుగులో అడుగు తమ్ముడూ" అంటే కాల్ ఏం కూలిపోదు.

ఆ రాత్రి నేను ఆ ఒక్క మాట అనుంటే సరిపోయేది. ఈ సంగతి మా ఇంట్లో చెప్పడం ఇప్పటికి ఎన్నోసారో మా ఆవిడకే తెలియాలి. మీకూ ఇలాంటివి జరిగుంటే చెప్పండి.