టమాటా డబ్బాలో పడే సదఖా



పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ జనాభాలో నూటికి తొంభై ఐదుగురికి పైగా ముస్లింలు. 1960లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుండి అక్కడ సైన్యం అధికారాన్ని హస్తగతం చేసుకోలేదు. 2000లో, 2012లో, 2024లో ఎన్నికల ద్వారానే ప్రభుత్వాలు మారాయి. పొరుగు దేశాలతో పోలిస్తే ఇది గొప్ప వరమే. అయినా రాజధాని డకార్ వీధులలో ఖాళీ టమాటా డబ్బాలు పట్టుకొని, కొందరైతే కాళ్లకు చెప్పులైనా లేకుండా, ఆరేడేళ్ల పసివారు యాచిస్తూ కనిపిస్తారు. వారు ‘తాలిబే’లు, అనగా ఖుర్ఆన్ విద్యార్థులు! వారి పాఠశాలను ‘దారా’ అంటారు. ఇలా యాచించవలసి వస్తున్న బాలలు లక్షకు పైగా ఉంటారని 2019లో హ్యూమన్ రైట్స్ వాచ్ అంచనా వేసింది.

ఖుర్ఆన్ బోధనే జీవనంగా గల నాబోటి వానికి ఈ మాట వ్రాయడం కష్టమే. కాని దాచడం అంతకన్నా పెద్ద తప్పు.

పూర్వం దారాలు ఎక్కువగా గ్రామాలలో ఉండేవి. విద్యార్థులు గురువు పొలంలో పని చేసేవారు, ఊరివారు అన్నం పెట్టేవారు. 1970ల నాటి కరువులలో పంటలు పోయి, ఎందరో గురువులు శిష్యులతో నగరాలకు తరలారు. నగరంలో పొలం లేదు, తల్లిదండ్రుల వద్ద రుసుము లేదు. అన్నం కోసం సాగిన యాచన క్రమంగా డబ్బు కోసమైంది. చాలా చోట్ల రోజుకింత తేవాలన్న లెక్క ఉంటుంది, తగ్గితే దెబ్బలు. గురువులందరూ ఇటువంటివారు కారు. పిల్లలను వీధికి పంపని దారాలూ ఉన్నాయి. బలవంతపు యాచనను నిషేధిస్తూ 2005లోనే చట్టం చేశారు. మతగురువులపై దానిని ప్రయోగించడానికి ప్రభుత్వాలు వెనుకాడుతూనే వచ్చాయి.

ఆ డబ్బాలో నాణెమో చక్కెరో వేసేవారు పుణ్యాత్ములే, సదఖా సంకల్పంతోనే ఇస్తారు. అయితే ఆ నాణెం బిడ్డ ఆకలి తీర్చదు, రేపు మరల వీధికి పంపుతుంది. మన మదర్సాలు కూడా జకాత్, సదఖాల మీదనే నడుస్తున్నాయి. కాని రమజాన్‌లో రసీదు పుస్తకంతో ఇల్లిల్లూ తిరిగేది సఫీర్ సాహెబ్, పిల్లవాడు కాదు. చందా పిల్లవాని చేతిలో కాక వంటశాలకు చేరాలి.

డకార్‌లో కొందరు స్త్రీలు ఈ పని మొదలుపెట్టారు. వారిని ‘దారా తల్లులు’ అంటారు. ఒక్కొక్కరు ఒకరిద్దరు తాలిబేలను తమవారిగా ఎంచుకొని, ఇంట అన్నం పెట్టి, బట్టలు ఉతికి, జ్వరం వస్తే మందు ఇప్పించి, తిరిగి పాఠానికి పంపుతారు.